దొరగారి ఊపిరి

గాజు కార్ఖానాలో ఆయన్ని అందరూ దొరగారు అనేవారు. మొహం మీద కాదు, చాటున. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవాడు కూడా. కార్ఖానాకు యజమానురాలు వేరే ఉండేది. ఆవిడ సైతం కొలిమి గది గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, దొరగారి మొహం ఎలా ఉందో చూసుకుని గానీ లోపల అడుగు పెట్టేది కాదు.

ఆ దొరగారికి స్వయానా ఒక తమ్ముడున్నాడు. ఇద్దరిదీ ఒకే కార్ఖానాలో పని, ఒకే ఇంట్లో కాపురం. అన్న కింది వాటాలో, తమ్ముడు పై వాటాలో. మిగతా పనివాళ్ళకు దొరగారి దొరతనం పని గంటల్లోనే. తమ్ముడికి మాత్రం దానికి సెలవు లేదు. పైన కుర్చీ జరిపిన చప్పుడైనా కిందినుంచి కేక వచ్చేది. "మీ అన్నయ్య పర్మిషన్ తీసుకునే ఊపిరి పీలుస్తున్నారా?" అని తమ్ముడి భార్య అప్పుడప్పుడూ దెప్పేది. తమ్ముడు నవ్వి ఊరుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనుకునేవారు.

పెద్ద గాజు సామాను ఊదడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పొడవాటి ఇనుప గొట్టం చివర కరిగిన గాజు ముద్దను తీసుకుని ఒకడు బల్ల మీద కూర్చుంటాడు. బల్లకు రెండు పక్కలా కుర్చీ చేతుల్లాంటి ఇనుప పట్టాలుంటాయి. వాటి మీద గొట్టాన్ని ముందుకూ వెనక్కూ దొర్లిస్తూ, తడిపిన కాగితాల మడతను అరచేతిలో పెట్టుకుని ఎర్రటి గాజును దిద్దుతాడు. దొర్లించడం ఆగిందా, గాజు తేనెలా కిందికి జారిపోతుంది. ఇంకొకడు గొట్టం రెండో చివర మోకాళ్ళ మీద కూర్చోవాలి. బల్ల మీదివాడు ఊదమంటే ఊదాలి, ఆపమంటే ఆపాలి. గొట్టం ఎంత దూరం దొర్లితే అంత దూరమూ మూతి దాని వెంటే పోవాలి. కార్ఖానాలో అన్నిటికంటే చిన్న పని అదే. బల్ల అన్నగారిది. మోకాళ్ళు తమ్ముడివి.

"ఎద్దులా ఊదకు! గాజనుకున్నావా, సైకిల్ ట్యూబనుకున్నావా?"

"ఆపమంటే ఆపాలి. చెవులు ఇంటి దగ్గర పెట్టొచ్చావా?"

"ఈ బల్ల మీద కూర్చున్నవాడి మాటే ఇక్కడ చెల్లుతుంది. తెలిసిందా?"

తెలిసిందని తమ్ముడు తల ఊపేవాడు. గొట్టం నోట్లో ఉంటే అంతకంటే చేయగలిగిందీ లేదు. ఒక్క తమ్ముడే కాదు, ఎవరు చేసిన వస్తువైనా దొరగారికి నచ్చకపోతే చేసినవాడి కళ్ళముందే పెంకుల డబ్బాలో పారేసేవాడు. టీ వస్తే మొదటి గుక్క ఆయన తాగేదాకా ఇంకొకరు గ్లాసు ముట్టకూడదు. కొలిమి చూసే ముసలాయన ఒకసారి మరిచిపోయి ముందు తాగేశాడని, రెండు రోజులు ఆయన్ని పేరు పెట్టి పిలవకుండా "ఏయ్" అని పిలిచాడు.

అయినా ఎవరూ కిక్కురుమనేవారు కాదు. భయం ఒక్కటే అందుకు కారణం కాదు. దొరగారు బల్ల మీద కూర్చుని గాజు అందుకున్నాడంటే, తిట్లు తిన్నవాళ్ళు కూడా చేతిలో పని ఆపి చూసేవారు. నిప్పుముద్ద ఆయన చేతుల్లో పెంపుడు జంతువులా మెసలుకునేది. కూజా మెడ ఇక్కడ మొదలవ్వాలని ఆయన అనుకున్నచోటే మొదలయ్యేది. తమ్ముడైతే గొట్టం చివర నేల మీద కూర్చుని, చెమట కళ్ళల్లో పడుతున్నా రెప్ప వెయ్యకుండా చూసేవాడు. పొద్దున తిన్న తిట్లు ఆ చూపులో కొట్టుకుపోయేవి.

కళ్ళు తగ్గుతున్న సంగతి దొరగారు చాలాకాలం దాచాడు. "నా పట్టకారు ఎవడు జరిపాడు?" అని అరుపులు ఎక్కువయ్యాయి. ఎవరూ జరపలేదని తమ్ముడికి అర్థమైంది. ఏమీ అనకుండా, అన్న చెయ్యి వెతకబోయే చోట ముందుగానే పట్టకారు పెట్టడం మొదలుపెట్టాడు. అలా కొన్ని నెలలు గడిచాయి. చివరికి ఒకరోజు తడి కాగితం ఉన్న చెయ్యి గాజుకు ఆనించబోయి, ఉత్త చెయ్యి ఆనించాడు. కేక కూడా వెయ్యలేదు. చెయ్యి నీళ్ళ తొట్టిలో ముంచి, "ఇవాళ్టికి చాలు" అన్నాడు.

డాక్టరు దీపం వేసి చూసి పెదవి విరిచాడు. కంటి నరం ఎండిపోయిందట. ముందే వచ్చి ఉంటే ఆపగలిగేవాళ్ళమనీ, పోయింది ఇక తిరిగి రాదనీ చెప్పాడు. వెలుగు, చీకటి తేడా మాత్రం తెలుస్తుంది. అంతే.

బల్ల తమ్ముడికి వచ్చింది. యజమానురాలు పిలిచి చెబితే అతను సంతోషపడలేదు, ఏడవలేదు. మర్నాడు వెళ్ళి అంచు మీద కూర్చున్నాడు, అద్దెకు తీసుకున్న కుర్చీ అయినట్టు. పని బాగానే సాగింది. కార్ఖానాలో మనుషులు గట్టిగా నవ్వడం మొదలుపెట్టారు. సానరాయి దగ్గర గాజు అంచులు నున్నగా అరగదీసే అమ్మాయి పాటలు కూడా పాడేది. ఆ అమ్మాయికి గొంతు ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఇంట్లో మాత్రం పరిస్థితి వేరు. ఒక సాయంత్రం వదిన మెట్లెక్కి పైకి వచ్చింది.

"బాబూ, మీ అన్నయ్యని పగలంతా నీతో తీసుకుపోరాదూ? నీకు పుణ్యముంటుంది. గిన్నె పెడితే చప్పుడంటారు, పెట్టకపోతే పని కాలేదంటారు. నేను ఏ గదిలో ఉన్నానో అడుగుల చప్పుడు బట్టి చెప్పి, అక్కడెందుకున్నావని అడుగుతున్నారు."

తమ్ముడు మర్నాటి నుంచి అన్నను చెయ్యి పట్టుకుని కార్ఖానాకు తీసుకెళ్ళాడు. గుమ్మం పక్కన ఒక స్టూలు వేశారు. దొరగారు దాని మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, చెవులతో పెత్తనం మొదలుపెట్టాడు.

"కొలిమి సెగ తగ్గింది. కునుకు తీస్తున్నావా?"

"ఎవరది, గొట్టం నేలకేసి కొట్టింది?"

"ఆ పాట ఆపు. ఇది పనిచేసే చోటు."

పాట ఆగిపోయింది. కొలిమి ముసలాయన తమ్ముడి చెవిలో, "చిన్నాయనా, కళ్ళు పోయి నోరు రెండింతలైంది" అన్నాడు.

ఒకరోజు తమ్ముడు ఒక జగ్గుకు పిడి అతికిస్తున్నాడు. మంచి జగ్గు. మెడ తీరుగా వచ్చింది. గొట్టం పట్టాల మీద ఒకచోట కొంచెం తడబడిన చప్పుడు దొరగారి చెవిన పడింది.

"వంకర పోయింది. పారెయ్యి" అన్నాడు స్టూలు మీదినుంచి.

తమ్ముడి చేతులు పారేశాయి. మనసు ఇంకా ఆలోచించనే లేదు, జగ్గు పెంకుల డబ్బాలో పడి భళ్ళుమంది. అతను వంగి ఆ ముక్కల్ని చూశాడు. మెడ ముక్క విరక్కుండా అలాగే ఉంది. ఎక్కడా వంకర లేదు. అతని చెవులు వేడెక్కాయి.

"అన్నయ్యా, ఆ జగ్గుకేం తప్పు లేదు."

"నేను పారేయమన్నాను."

"ఈ బల్ల మీద కూర్చున్నవాడి మాటే ఇక్కడ చెల్లుతుందని నువ్వే అన్నావు. ఇప్పుడు కూర్చున్నది నేను."

దొరగారు కాలు మీది కాలు తీశాడు. మెల్లగా లేచి, గోడ తడుముకుంటూ గుమ్మం దాటాడు. వెంట వెళ్ళబోయిన ముసలాయన్ని చేత్తోనే వారించాడు. తమ్ముడు బల్ల మీదే ఉండిపోయాడు.

ఆ సాయంత్రం వదిన మళ్ళీ పైకి వచ్చింది. ఈసారి మొహంలో కంగారు. "ఏమన్నావు బాబూ ఆయన్ని? ఇంటికొచ్చి ఒక్క మాట అనలేదు. భోజనం చల్లారిపోయినా తిన్నారు. నాకేదో భయంగా ఉంది."

ఆ తర్వాత దొరగారు కార్ఖానాకు రాలేదు.

ఆ రోజుల్లోనే పెద్ద పని ఒకటి వచ్చి పడింది. రైలు స్టేషన్ హాల్లో వేలాడదీయడానికి గాజు గోళం కావాలన్నారు, రెండు చేతులా పొదివి పట్టుకోవాల్సినంత పెద్దది. అంత గోళానికి బలమైన ఊపిరి సరిపోదు. నెమ్మదిగా, తెంపు లేకుండా, సన్నగా, ఇంకా సన్నగా ఊదే ఊపిరి కావాలి. తమ్ముడి దగ్గర అలాంటి ఊపిరి ఉంది. కానీ అతను బల్ల మీద ఉన్నాడు. ఊదడానికి ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. ఒకతను ఊదితే గోళం ఒక పక్క బుగ్గలా పొంగింది. ఇంకొకతను సగంలో దగ్గాడు, గాజు పలచబడి టప్పున పేలింది. యజమానురాలు, "మన వల్ల కాదని చెప్పేద్దామా?" అని అడిగింది. తమ్ముడు పగిలిన ముక్కలు ఊడ్చి పెంకుల డబ్బాలో పోశాడు.

ఆ సంగతి అన్న దాకా ఎలా వెళ్ళిందో తెలియదు. వదినే చెప్పి ఉంటుంది.

పొద్దున్నే కొలిమి గది గుమ్మంలో దొరగారు నిలబడి ఉన్నాడు. ఒంటరిగా వచ్చాడు, గోడలు పట్టుకుని, వీధి దాటి. ఒంటి మీద పని బట్టలు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి.

"ఊదడానికి మనిషి దొరకడం లేదటగా?"

"లేదన్నయ్యా."

"ఊపిరికి కళ్ళెందుకు?"

ఆ మాట ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. దొరగారు చెయ్యి చాచి బల్ల అంచు వెతికాడు. దాన్ని ముట్టుకున్నాడు, దాటాడు. ఇనుప పట్టా వెంబడే నడిచి, గొట్టం రెండో చివర ఉండే చోటు దగ్గర ఆగాడు. ఒక చెయ్యి నేలకు ఆనించి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సాన పట్టే అమ్మాయి పరుగున వచ్చి గోనె మడత ఒకటి ఆయన మోకాళ్ళ కిందికి జరిపింది. కొలిమి ముసలాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలియదు.

తమ్ముడు ఒక అడుగు ముందుకు వేశాడు. వద్దనాలనుకున్నాడు. కానీ గాజు కరిగి సిద్ధంగా ఉంది. గొట్టం ముంచి, ముద్ద తీసి, తిప్పుతూ తెచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"ఊదు" అన్నాడు. అది తన నోటి మాటలాగా లేదు.

దొరగారు ఊదాడు.

ఎర్రటి ముద్ద లోపల ఒక బుడగ కళ్ళు తెరిచింది. గొట్టం దొర్లుతుంటే ఆయన మూతి దానితోపాటే దొర్లింది. రెండు వేళ్ళు గొట్టం మీద ఉత్తినే ఆనించి, అది ఎటు పోతోందో ఆ వేళ్ళతోనే తెలుసుకుంటున్నాడు. తమ్ముడు "ఆపు" అంటే మాట పూర్తయ్యేలోగానే ఆగిపోతున్నాడు. గోళం పిడికిలంత అయింది, తలకాయంత అయింది. తమ్ముడు మళ్ళీ కాచి తెచ్చాడు, మళ్ళీ దిద్దాడు. అంతా సవ్యంగా సాగుతోందనుకున్నప్పుడు అతని చేతిలోనే తప్పు జరిగింది. ఒక పక్క తడి కాగితం ఎక్కువసేపు ఆనింది. అటు చల్లబడి ఇటు పొంగింది. కంగారులో అతని నోరు తెరుచుకుంది.

"ఆపమన్నానా! చెవులు కూడా పోయాయా?"

దొరగారు అప్పటికే ఆపేసి ఉన్నాడు. అది అందరూ చూశారు.

మాట నోరు దాటిన క్షణంలో తమ్ముడి ఒంట్లో ఏదో తియ్యగా పాకింది. ఎండలో నడిచి వచ్చి చల్లటి నీళ్ళు తాగినట్టు. మోకాళ్ళ మీద గడిపిన ఏళ్ళన్నీ ఆ ఒక్క కేకలో తీరినట్టనిపించింది. ఆ వెంటనే గుండె ఝల్లుమంది. ఇంత రుచిగా ఉంటుందా ఇది? అన్న ఇన్నేళ్ళూ తింటూ వచ్చింది దీన్నేనా?

దొర్లించడం ఆగి, గోళం గొట్టం నుంచి జారిపోయి నేల మీద పడి బద్దలైంది. అందరి కళ్ళూ దొరగారి మీదే. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు అగ్గి మీద గుగ్గిలమవుతాడని ఎదురు చూశారు.

దొరగారు మణికట్టుతో మూతి తుడుచుకున్నాడు. మోకాలు కొంచెం సర్దుకున్నాడు. "గొట్టం వేడిగానే ఉందిగా" అన్నాడు మామూలు గొంతుతో. "ఇంకోటి తియ్యి. ఎప్పుడు ఊదాలో నువ్వు చెప్పు."

నువ్వు చెప్పు. అన్న నోట తమ్ముడు ఆ రెండు మాటలు కలిపి ఎన్నడూ వినలేదు. చిన్నప్పుడు ఆటల్లో కూడా వినలేదు. అతను గొట్టం పట్టుకుని కొలిమి వైపు తిరిగాడు. కళ్ళల్లో నీళ్ళు ఎవరికీ కనపడకూడదని కాస్త ఎక్కువసేపే అటు తిరిగి ఉన్నాడు.

రెండోసారి అతని గొంతు దానంతట అదే తగ్గింది. చివరకు వచ్చేసరికి "ఊదు" అన్న మాట పెదవుల మీదే ఉండిపోతోంది. అయినా దొరగారికి వినబడుతోంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు, తెరిచినా మూసినా ఒకటే అయినా. ఛాతీ కదలడం లేదు, భుజాలు కదలడం లేదు. ఆ ఊపిరి ఎక్కడినుంచి వస్తోందో చూసేవాళ్ళకు అంతుపట్టలేదు. గోళం మాత్రం పెరుగుతోంది. చంద్రుడు పైకి వస్తున్నంత నెమ్మదిగా, ఏ పక్కకూ ఒరగకుండా. ఎరుపు నారింజ అయింది, నారింజ తేనె రంగైంది. ఆ వెలుగు దొరగారి మొహం మీద పడుతోంది. ఆ మొహంలో అవమానం లేదు, ఓర్చుకుంటున్న జాడ కూడా లేదు. బల్ల మీద కూర్చున్నప్పుడు ఎంత నిండుగా ఉండేదో అంతే నిండుగా ఉంది.

అన్న గొప్ప పనివాడని తమ్ముడికి ఎప్పుడూ తెలుసు. కానీ మాట చెప్పడంలోనే ఆ గొప్పంతా ఉందనుకున్నాడు. మాట వినడంలో కూడా ఒక మనిషి ఇంత ఎత్తున కూర్చోగలడని అతను ఊహించలేదు. ఎవరూ ఊహించలేదు. యజమానురాలు గుమ్మంలో ఎప్పుడు వచ్చి నిలబడిందో గాని, ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"ఆపు."

గోళాన్ని గొట్టం నుంచి విడదీసి, మెల్లగా చల్లారే పెట్టెలోకి చేర్చి తలుపు మూశాడు తమ్ముడు.

"ఎక్కడైనా పలచనైందా?" దొరగారు నేల మీదినుంచే అడిగాడు.

"లేదన్నయ్యా. ఎక్కడా లేదు."

"ఊఁ." ఆయన బల్ల పట్టుకుని లేచాడు. మోకాళ్ళు దులుపుకున్నాడు. "అయితే టీ ఏది? పొద్దుటినుంచీ పని చేస్తుంటే టీ తెచ్చే దిక్కు లేదా ఈ కార్ఖానాలో?"

ఒక్కసారిగా అందరూ నవ్వారు. కొలిమి ముసలాయన పరుగెత్తాడు. మొదటి గుక్క ఎవరు తాగాలన్న సందేహం ఆరోజు ఎవరికీ రాలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో తమ్ముడు అన్న చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, చాలా దూరం వచ్చాక అడిగాడు. "అన్నయ్యా, నేను అంత మాట అన్నాను కదా. నువ్వు ఎలా ఊరుకోగలిగావు?"

"గుంట ఉంటే చెప్పు, ముందు దారి చూడు" అన్నాడు దొరగారు.

ఇంకొంత దూరం నడిచారు.

"నాకు వినడం రాదనుకున్నావా?" అన్నాడు ఆయన. "ఇన్నేళ్ళు నా ఎదురుగా కూర్చుని నువ్వు విన్నావు. నేను చూశాను కదా. ఎలా వినాలో అక్కడే నేర్చుకున్నాను. నీ అంత బాగా ఇంకా రాలేదు."

తను మోకాళ్ళ మీద కూర్చున్న రోజుల్లో అన్న కళ్ళు గాజు మీద తప్ప ఇంకెక్కడా లేవనుకున్నాడు తమ్ముడు. ఆ కళ్ళు తనను కూడా చూశాయన్నమాట.

తర్వాత కొన్నేళ్ళు పెద్ద పని వచ్చినప్పుడల్లా దొరగారు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గొట్టం నోట్లో ఉన్నంతసేపూ ఆయనంత విధేయుడు లేడు. గొట్టం దించాక మళ్ళీ మామూలే. కొలిమి సెగ తగ్గిందని అరిచేవాడు. చెప్పులు దారికడ్డంగా వదిలారని అరిచేవాడు. పాట మీద మాత్రం మళ్ళీ ఏమీ అనలేదు. దగ్గు పట్టుకుని ఊపిరి నిలవడం మానేశాక, ఆ పని సాన పట్టే అమ్మాయికి నేర్పుతానన్నాడు. నేర్పడమంటే తిట్టడమే. ఆ అమ్మాయి తమ్ముడిలాంటిది కాదు. గొట్టం నోట్లోంచి తీసి, "పెద్దాయనా, ముందు మీరు తిట్టడం కానివ్వండి. అయ్యాక చెప్పండి, ఊదుతాను" అంది. దొరగారు రెండు క్షణాలు తల వంచి ఆలోచించి, "అయింది, ఊదు" అన్నాడు.

ఈమధ్య ఇంట్లో మెట్ల గోడకు రంగు వేయించారు. నీలం వెయ్యాలని దొరగారు తీర్మానించాడు. తమ్ముడి భార్య పసుపు వేయించింది. "ఆయనకేం తెలుస్తుంది? నీలమేనని చెప్పండి" అంది. తమ్ముడు అలాగే అన్నాడు. కానీ ఆ సాయంత్రం కిందికి దిగి అన్న పక్కన కూర్చున్నాక, ఆ మాట నోటికి రాలేదు.

"అన్నయ్యా, నీలం కాదు. నీ మరదలు పసుపు వేయించింది."

దొరగారి కనుబొమలు పైకి లేచాయి. తమ్ముడు కేక కోసం సిద్ధపడ్డాడు.

"బాగుందా?"

"బాగుంది. మెట్లన్నీ వెలుగ్గా ఉన్నాయి."

ఆయన మొహం మెట్ల వైపు తిప్పాడు. కాసేపు అలాగే ఉంచాడు.

"ఉండనీ అయితే."